తల్లి వైపు నుంచి వచ్చాను

నేను ఒక జన్యువును. మిరప తొలికోత రోజు ఆ ఇంట్లో ఎవరెవరున్నారో ముందు చెబుతాను. మిరప రైతు పిచ్చయ్య, అతని తల్లి, భార్య తిరుపతమ్మ, హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే కొడుకు కేశవ, పదో తరగతి చదివే కూతురు మల్లీశ్వరి. బయట అరుగు మీద కోతకు వచ్చిన ఆడకూలీలు టీ కోసం కూర్చున్నారు. ఇంట్లో ఉన్న ఐదుగురిలో ముగ్గురిలో నేనూ ఉన్నాను. ఆ సంగతి వాళ్ళకు తెలియదు.

కంటి వెనక పొరలో రంగులను పట్టే కణాలుంటాయి. వాటికి కావలసిన ఒక పదార్థాన్ని ఎలా తయారు చేసుకోవాలో చెప్పడం నా పని. ఎన్నో తరాల కింద నాకు నకలు తీసేటప్పుడు ఒక పొరపాటు దొర్లింది. అప్పటినుంచి ఆ పొరపాటునే చెబుతున్నాను. దిద్దుకోవడం నాకు చేతకాదు.

నా నివాసం ఎక్స్ క్రోమోజోము. ఆడవాళ్ళకు ఎక్స్‌లు రెండుంటాయి. ఒకదానిలో నేనున్నా, రెండోదానిలోని మంచి జన్యువు పని నడిపిస్తుంది. నేను ఊరికే కూర్చుంటాను. మగవాళ్ళకు ఎక్స్ ఒక్కటే, దాని పక్కన ఉండేది పొట్టి వై. దానికి నా పని రాదు. అందుకే అక్కడ నా మాటే చెల్లుతుంది. ఎరుపూ ఆకుపచ్చా దాదాపు ఒకే రంగుగా కనిపిస్తాయి.

తిరుపతమ్మ తండ్రిలో నేను అరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. ఆయన మిరపకాయను కళ్ళతో చూసి కోసేవాడు కాదు. వేళ్ళతో తడిమి, కాస్త మెత్తబడిన దాన్నే తెంపేవాడు. ఆయన చేతి నేర్పు గురించి ఊరంతా చెప్పుకుంది. ఆ వేళ్ళకు ఆ పని ఎందుకొచ్చి పడిందని ఎవరూ అడగలేదు. మనుషులు మెచ్చుకున్న వాటి గురించి అడగరు, తిట్టేవాటి గురించే అడుగుతారు. మగవాడు తన ఎక్స్‌ను కొడుక్కి ఇవ్వలేడు, కూతురికే ఇస్తాడు. అలా తిరుపతమ్మలోకి వచ్చాను. ఆమె కళ్ళకు నా వల్ల ఏ లోటూ రాలేదు. ఆమె కన్న ఇద్దరు పిల్లలకూ నా నకలు ఒక్కొక్కటి చేరింది. చేరకపోవడానికీ అంతే అవకాశం ఉండింది.

కేశవ చిన్నప్పుడు రంగు పెన్సిళ్ళ మీది పేర్లు చదివి బొమ్మలు వేసేవాడు. వాడికి మిరపకోత ఇదే మొదటిసారి. ఈ ఇంట్లో ఒక ఆచారం ఉంది. తొలికోత నాడు ఇంటి కొడుకు దోసెడు పండుకాయలు కోసి, గట్టు మీద అమ్మోరి రాయి ముందు పెట్టాలి. పచ్చికాయ పడితే పంటకు కీడని నమ్మకం. కేశవ పెట్టిన దోసెట్లో సగం పచ్చివే.

కూలీల ముందే పిచ్చయ్య కొడుకును కొట్టాడు. ఇంటికి వచ్చాక కూడా ఆగలేదు.

"కావాలనే చేశాడమ్మా! చేలోకి రమ్మన్నానని కచ్చ. చదువు నెత్తికెక్కింది ఈడికి. రేప్పొద్దున్నే లారీ ఎక్కిస్తా, క్లీనరుగా పోతాడు."

"కావాలని కాదు నానా," అన్నాడు కేశవ.

"మరి కళ్ళు లేవేంట్రా నీకు?"

కేశవ తల దించుకున్నాడు. మల్లీశ్వరి గోడకు ఆనుకుని నిలబడింది. నాన్న ముందు గొంతు విప్పే పిల్ల కాదు. వంశపారంపర్యం పాఠం ఆమెకు వచ్చు. చెబితే అన్న చదువు నిలుస్తుంది. కానీ అది ఎవరి వైపు నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. తల్లి వైపు ఒకసారి చూసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి పళ్ళెం నిండా కాయలు తెచ్చింది.

"అన్నా, ముట్టుకోకుండా పండినవి చూపించు."

వాడు చాలాసేపు చూశాడు. "నాకు అన్నీ ఒకటే మల్లీ."

మల్లీశ్వరి తండ్రి వైపు తిరిగింది. "అన్నకు ఎరుపూ పచ్చా తేడా తెలియదు. ఇది జబ్బు కాదు నానా. పుట్టుకతో వచ్చింది. కొడుక్కి ఇది తల్లి నుంచే వస్తది. తాత కూడా తడిమే కోసేవాడు కదా."

పిచ్చయ్య మంచం మీద కూర్చుండిపోయాడు. ఒక పండుకాయనూ ఒక పచ్చికాయనూ తీసి కొడుకు ముఖం ముందు పెట్టాడు. కేశవ రెండింటినీ చూసి తల అడ్డంగా ఊపాడు. పిచ్చయ్య మెల్లగా, "రేపు హాస్టలుకు పోరా," అన్నాడు.

అతని తల్లి మాత్రం కోడలి వైపు తిరిగింది. "చెప్పానా ఆ సంబంధం వద్దని! ఆ ఇంటి పాడు బుద్ధులన్నీ మోసుకొచ్చి నా మనవడికి అంటగట్టింది."

తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మను అనొద్దు నాయనమ్మా," అంది మల్లీశ్వరి. ఆమె గొంతు అరుగు దాకా వినిపించింది. "అమ్మ ఎంచుకుని ఇచ్చిందా? నాలో కూడా ఉండొచ్చు. రేపు నాకు కొడుకు పుడితే వాడికీ రావచ్చు. నన్నూ ఇట్టాగే అంటావా?"

అరుగు మీద మాటలు ఆగిపోయాయి. ఒక ఆడమనిషి మెడ చాచి లోపలికి చూసింది.

"ఓసి నోరు ముయ్యవే! కొడుకులంట, కళ్ళంట! బయట జనం ఉన్నారే. ఈ మాట ఊళ్ళో పడితే నిన్ను చేసుకోడానికి మన గుమ్మం ఎవడు తొక్కుతాడే?"

మల్లీశ్వరి అనుకున్నది నిజమే. నేను ఆమెలోనూ ఉన్నాను. ఈ మాటలన్నీ నేను విన్నది ఆమె చెవులతోనే. ముసలామె మనవరాలి రెక్క పట్టుకుని గదిలోకి నెట్టి, తలుపు వేసింది.