యాభైఎనిమిది కిలోల రాయి

ఆయన్ని అందరూ కాటా మేస్త్రి అంటారు. కూరగాయల కొట్టులో చేతికాటా నుంచి లారీలు తూచే పెద్ద కాటా దాకా ఏది మొరాయించినా ఆయన రావాల్సిందే. ముప్పై ఏళ్లు ఊరందరి తూకాలూ సరిచేసిన మనిషి తన తూకం మాత్రం గాలికి వదిలేశాడు. నూట యాభై కిలోలు దాటాక మోకాళ్లు మొండికేశాయి. నిద్రలో ఊపిరి ఆగిపోతోందని డాక్టర్లు గట్టిగా చెప్పారు. అప్పటికి గానీ దారికి రాలేదు. ఆపరేషన్‌తో కడుపులోని తిండిసంచిని పిడికిలంత చేయించుకున్నాడు. అది జరిగి ఏడు నెలలు దాటింది.

వెనక వరండాలో ఒక పాత ఇనప కాటా ఉంది. మేస్త్రి సొంతానికి కొనుక్కున్న మొదటి కాటా అది. కింద నిలబడే పలక, పైన అంకెలు చెక్కిన అడ్డకమ్మీ, కమ్మీ మీద అటూ ఇటూ జరిపే బిళ్ల. కమ్మీ చివర తగిలించడానికి రెండు గుండ్లు. ఒక్కో గుండు అరకిలోనే, కానీ పలక మీదున్న యాభై కిలోలను నిలబెడుతుంది. బజారులోకి ఎన్ని కరెంటు కాటాలు వచ్చినా ఆయనకి నమ్మకం దీని మీదే. ఆపరేషన్ అయిన నాటినుంచి రోజూ పొద్దున్నే, పళ్లు తోముకున్నాక, దాని మీద నిలబడతాడు. ఆ కమ్మీ ఏం చెబితే ఆ రోజంతా ఇంట్లో అదే వాతావరణం.

ఈ కాటాకీ ఆయన భార్యకీ ఓ సంబంధం ఉంది. పెళ్లయిన కొత్తలో మేస్త్రి దగ్గర తూకపు రాళ్లు పూర్తి వరస ఉండేది కాదు. కాటా బాగుచేశాక సరిచూడడానికి ఆవిడనే ఎక్కించేవాడు. ఆవిడ యాభైఎనిమిది కిలోలు. జ్వరమొచ్చి లేచినా, చుట్టాలింటికి వెళ్లి పది రోజులు తిని వచ్చినా, వారం తిరక్కుండా మళ్లీ యాభైఎనిమిదే. "ఇనప రాళ్లకైనా తుప్పు పడుతుంది గానీ, నా యాభైఎనిమిది కిలోల రాయికి తేడా రాదు" అని పదిమందిలో అనేవాడు. ఆవిడ మూతి తిప్పేది, లోపల మాత్రం మురిసిపోయేది. రాను రాను అదే ముద్దుపేరైంది. కోపంగా ఉంటే ఏమీ పిలవడు, మనసు బాగుంటే "ఏయ్ యాభైఎనిమిదీ" అంటాడు.

ఆపరేషన్ తర్వాత ఆస్పత్రిలో డైటీషియన్ ఒక చిన్న నోటుపుస్తకం ఇచ్చింది. ముందు గుడ్డో పప్పో తినాలి, ఆ తర్వాతే మిగతావి. ప్రతి ముద్దా పాతిక సార్లు నమలాలి. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. మాత్రలు మానకూడదు. పొద్దునా సాయంత్రం నడవాలి. ఇవన్నీ రోజూ అందులో రాసుకోవాలి. భార్య బజారుకెళ్లి ఒకేలాంటి చిన్న గిన్నెలు రెండు తెచ్చింది. "రెండెందుకు?" అని అడిగాడు. "మీ ఎదురుగా నేను కంచం నిండా పెట్టుకుని కూర్చుంటే బాగుంటుందా? ఇందులో తోడుకి నాలుగు ముద్దలు తింటాను, మిగతాది తర్వాత చూసుకుంటాను లెండి" అంది.

కొన్నాళ్లు అలాగే చేసింది. ఆపరేషనైన మూడో వారంలో ఓ మధ్యాహ్నం ఆవిడ తనకోసమని గుడ్లలో ఉల్లిపాయలు వేసి వేయించుకుంది. ఆ వాసనకి మేస్త్రి మంచం మీంచి లేచి, వీధిలోకి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. ఆవిడ కిటికీలోంచి చూసింది. అంత మనిషి భుజం మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో పోపు చప్పుడు వినపడలేదు. మేస్త్రి అది గమనించాడో లేదో తెలియదు. గమనించలేదనే చెప్పాలి.

మొదటి అయిదు నెలలూ బరువు మంచులా కరిగింది. ఆరో నెలలో నూట పన్నెండు దగ్గర ఆగిపోయింది. ఒక వారం చూశాడు, రెండు వారాలు చూశాడు, మూడో వారం కూడా బిళ్ల అక్కడే. ఇక పంతం పట్టాడు. కూడు తగ్గిస్తే బరువు తగ్గదా అని పొద్దున గుడ్డు మానేశాడు, తర్వాత పప్పు మానేశాడు. ఓ రోజు గోదాములో నిచ్చెన మీద కళ్లు తిరిగి పడ్డాడు. ఎముకలు విరగలేదు, అదే పదివేలు.

డాక్టరు కోప్పడ్డాడు. "ఒళ్లు మధ్యలో కాస్త ఆగుతుంది, మళ్లీ దిగుతుంది. మీరు తిండి మానేస్తే కండ పోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. అంకె సంగతి మర్చిపోండి. తిన్నారా, నడిచారా, అంతే చూసుకోండి." మేస్త్రి బుద్ధిగా తలూపి వచ్చి, మర్నాడు పొద్దున్నే కాటా ఎక్కాడు. నూట పన్నెండు. ఆ రోజంతా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం భార్య గిన్నె తెచ్చి పక్కన పెడితే, "ఎందుకిదంతా? కడుపు కోయించుకుని కూడా ఇంతేనంటే ఇంక బతికి ఏం లాభం?" అన్నాడు. ఆవిడ గిన్నె పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుంది.

తర్వాత రెండు రోజులకి కాటా కరుణించింది. వంద గ్రాములు దిగాడు. మర్నాడు మరో వంద. రోజూ తక్కువలో తక్కువ అంత, వాయిదా తప్పకుండా. మేస్త్రి ముఖంలోకి నెత్తురొచ్చింది. గుడ్డు తిన్నాడు, పప్పు తిన్నాడు, పాతిక లెక్కపెట్టి నమిలాడు, ఎండైనా వానైనా నడిచాడు. పనికి మళ్లీ వెళ్లాడు. ఆస్పత్రిలో నెలకోసారి ఆపరేషన్ అయినవాళ్లంతా కూర్చుని మాట్లాడుకునే చోట, ఏడుస్తున్న ఒకావిడకి ధైర్యం కూడా చెప్పాడు. "నాకూ ఆగిందమ్మా, మళ్లీ కదిలింది" అని.

అలా నలభై రోజులు గడిచాయి. ఇవాళ ఆస్పత్రిలో చూపించుకునే రోజు. పొద్దున ఇంటి కాటా నూట ఏడు చూపించింది. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని భార్యని వెంటబెట్టుకుని వెళ్లాడు. నర్సు కాటా ఎక్కించి అంకె చదివింది.

"నూట పదకొండు సార్."

"కాదమ్మా, నూట ఏడు. పొద్దున్నే చూసుకుని వచ్చాను."

"బట్టలూ చెప్పులూ ఉంటాయి కదా సార్."

"నాలుగు కిలోల చెప్పులు ఎవరేసుకుంటారు తల్లీ? మీ కాటా పోయింది. నా పనే ఇది, నేను చెబుతున్నా విను."

"పోనీలెండి, పదండి వెళదాం" అని భార్య చొక్కా పట్టుకుని లాగింది. విన్నాడు కాదు. కిందికి వెళ్లి, తన పని వ్యాన్‌లోంచి ఇరవై కిలోల రాళ్లు రెండు చేతికొకటి పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. వరసలో కూర్చున్నవాళ్లంతా మెడలు చాచి చూశారు. కాటా ఎక్కి నిలబడి, ఒక రాయి పక్కన పెట్టించాడు. నూట ముప్పై ఒకటి. రెండోది పెట్టించాడు. నూట యాభై ఒకటి. దిగి, రాళ్లు తీసి, ఖాళీ కాటా చూశాడు. సున్నా.

"మీ కాటా బంగారం తల్లీ" అన్నాడు చివరికి.

"అయితే మీ ఇంట్లోదే ఓసారి చూసుకోండి సార్" అంది నర్సు, పాపం మామూలుగానే.

దారంతా మేస్త్రి మనసులో ఇంటి కాటానే విప్పుతున్నాడు. లోపల కమ్మీ ఆనే ఏ అంచు అరిగి ఉంటుందా అని ఆలోచిస్తున్నాడు. భార్య ఒళ్లో సంచి గట్టిగా పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటికి రాగానే వ్యాన్‌లో ఉన్న ఇరవై కిలోల రాళ్లు అయిదూ తెచ్చి ఇనప కాటా మీద పేర్చాడు. వంద కిలోలకి తొంభై ఆరు చూపించింది. అంచులు చూశాడు, బాగానే ఉన్నాయి. గుండ్లు రెండూ విప్పి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల చెయ్యి ఊరికే పోతుందా? ఒకటి బరువుగా తగిలింది. దాన్ని బోర్లించాడు. అడుగున చిన్న గుంట, దాన్ని మూసిన మైనం కొత్తది. గోటితో పెళ్లగించగానే సీసం గుళికలు కాగితం మీద రాలాయి. ఒక్కో గుళిక ఒక్కో గ్రాము. లెక్కపెట్టాడు. నలభై.

గుండులో సీసం పోయడమంటే కాటా పనిలో దానికి మించిన పాపం లేదు. గుండు ఒక్క గ్రాము బరువెక్కితే అవతల సరుకు వంద గ్రాములు తక్కువ చూపిస్తుంది. అలా చేసి పట్టుబడ్డ వ్యాపారి గడప మేస్త్రి మళ్లీ తొక్కలేదు, ఎంత బతిమాలినా. ఇప్పుడు ఆ సీసం సొంత ఇంట్లో, సొంత కాటాలో. గుండు విప్పడం తెలిసినవాళ్లు ఆ ఇంట్లో ఇద్దరే.

"ఎన్నాళ్లనుంచి?" అని అడిగాడు తల ఎత్తకుండా.

"రోజుకొకటి" అంది ఆవిడ, గుమ్మంలో నిలబడి.

"ఎవరు నేర్పారు?"

"ఇంకెవరు? మీరే. వెనకెప్పుడో ఒకడు ఇలాగే చేసి దొరికిపోతే, ఇంటికొచ్చి అన్నం తింటూ చెప్పారు. ఎక్కడ పోస్తారో, ఎంత పోస్తే ఎంత తేడా వస్తుందో."

"నలుగురిలో నా పరువు తీశావు. రాళ్లు మోసుకెళ్లి ఆ పిల్ల ముందు వెర్రివాడిలా నిలబడ్డాను."

"బతికి ఏం లాభం అన్నారు మీరు ఆ రోజు. గోడ వైపు తిరిగి అన్నారు. అప్పుడు నాకు పరువు గుర్తు రాలేదండీ. రేపు పొద్దున ఈ మనిషి లేచి ఒక్క గుడ్డు తింటే చాలనిపించింది." ఆవిడ వచ్చి గుళికలున్న కాగితం మడిచింది. "తప్పే. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. మీరు నవ్వుతుంటే నోరు రాలేదు."

మేస్త్రికి ఒళ్లు మండిపోతోంది. అయిదు కిలోలు దిగానని మురిసిపోయాడు, అందులో నాలుగు సీసమే. భార్య మీద కోపం, ఆస్పత్రిలో ఏడ్చినావిడకి చెప్పిన ధైర్యం తలుచుకుంటే సిగ్గు. గుండు శుభ్రంగా తుడిచి, తిరిగి తగిలించి, వంద కిలోల రాళ్లూ మళ్లీ పేర్చాడు. కమ్మీ ఇటూ అటూ ఊగి సరిగ్గా వంద దగ్గర నిలబడింది. రాళ్లు దించాడు. ఇక ఈ కాటాకి ఒక్క పని మిగిలింది. ఎన్నిసార్లు విప్పి బిగించినా ఆఖరున చేసే పని అదే.

"ఎక్కు" అన్నాడు ముభావంగా.

"ఇప్పుడెందుకండీ? పప్పు పొయ్యి మీద..."

"ఎక్కమన్నానా."

ఆవిడ చెప్పులు విడిచి ఎక్కింది. మేస్త్రి ఒక గుండు తగిలించి, అలవాటుగా బిళ్లని ఎనిమిది మీదికి తోశాడు. కమ్మీ లేవలేదు. ఏడుకి జరిపాడు, ఆరుకి జరిపాడు. అయిదు, నాలుగు. ఒకటి దగ్గరికి వచ్చాక కమ్మీ లేచి నిలబడింది.

యాభై ఒకటి.

"ఇంకా ఎక్కడో తేడా ఉంది. దిగు" అన్నాడు. రాళ్లు మళ్లీ పేర్చాడు. నలభైకి నలభై, అరవైకి అరవై చూపించింది. మోకాళ్ల మీద కూర్చుని లోపలి అంచులు గుడ్డపెట్టి తుడిచాడు. "మళ్లీ ఎక్కు." యాభై ఒకటి. మూడోసారి కూడా చూశాడు. కాటాలో ఏ తేడా లేదు.

అప్పుడు తలెత్తి భార్యని చూశాడు. చేతిగడియారం మణికట్టు దగ్గర నిలవక మోచేతి వైపు జారి ఉంది. జాకెట్టు భుజం దగ్గర పిన్నీసు పెట్టి ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. రోజూ మూడు పూటలా ఎదురుగా కూర్చున్న మనిషే. ఏడు నెలలు కమ్మీ మీది అంకెల్ని చూశాడు గానీ, ఈ ముఖాన్ని చూడలేదు.

"తర్వాత తింటానన్నావు కదా" అన్నాడు.

"మొదట్లో తిన్నాను. మీరు అరుగు మీద కూర్చున్నారు చూడండి, ఆ రోజు నుంచి విడిగా వండుకోబుద్ధి కాలేదు. మీతో తింటున్నాను కదా, చాల్లెండి."

"ఆ గిన్నె నా కడుపుకి కొలిచి తెచ్చింది. కోయించుకున్నది నేనొక్కణ్ణే కదే!"

ఆ మాట అంటూనే ఏడ్చేశాడు. కాటా ముందు మోకాళ్ల మీద, ఆవిడ పాదాల దగ్గర, దాచుకోకుండా ఏడ్చాడు. ఆవిడ కంగారుగా దిగబోతే చెయ్యి పట్టుకుని లేచి, తిన్నగా వంటింట్లోకి నడిచాడు. పప్పు దించి మూకుడు పెట్టాడు. రెండు ఉల్లిపాయలు తరిగి నూనెలో వేశాడు. చుయ్యిమంది. నెలల తర్వాత ఆ చప్పుడు వినగానే ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"వద్దండీ, మీకు వాసన..."

"కూర్చో."

మూడు గుడ్లు కొట్టి వేసి, అన్నంతో పాటు కంచం నిండా వడ్డించి ఆవిడ ముందు పెట్టాడు. తన చిన్న గిన్నె తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. వాసన ముక్కులో నిండిపోయి నోట్లో నీళ్లూరాయి. వీధి తలుపు తెరిచే ఉంది. అటు చూశాడు గానీ లేవలేదు. ఒక చెంచా పప్పు నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. ఆవిడ ఒక ముద్ద తిని, రెండో ముద్ద చేతిలో పట్టుకుని, కళ్లనీళ్లతో ఆగిపోయింది.

"మరి రేపు పొద్దున..." అంది. "కాటా..."

మేస్త్రి నోట్లోది పూర్తిగా నమిలి మింగాడు.

"రేపట్నుంచి దాన్ని ఎక్కేది నువ్వు. నీకు మళ్లీ యాభైఎనిమిది వచ్చేదాకా నన్ను దాని జోలికి రానివ్వకు. నా రాయే సరిగ్గా లేనప్పుడు నా తూకం చూసుకుని ఏం చేసుకుంటాను? తిను."

ఆవిడ ఆ ముద్ద నోట్లో పెట్టుకుంది.