నవల్లో చావని అత్త

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు ఆళ్లగడ్డకు దెయ్యం సినిమా వచ్చింది. అది ఏ నవల ఆధారంగా తీశారో, ఆ నవల మా వీధి ఆడవాళ్లకు కొట్టినపిండి. నంద్యాల నుంచి కోడలిగా వచ్చిన ఉమామహేశ్వరమ్మ నెల రోజులు మధ్యాహ్నం పూట వాళ్ల పంచలో కూర్చొని మాకు చదివి వినిపించింది. మాలో చదువు వచ్చింది ఆమె ఒక్కతెకే. దెయ్యం మాట్లాడే చోట ఆమె గొంతు మార్చేది. బియ్యంలో రాళ్లు ఏరుతున్న మా చేతులు ఆగిపోయేవి.

అత్త పెట్టే ఆరళ్లు పడలేక బావిలో దూకిన కోడలు దెయ్యమై తిరిగొచ్చే కథ అది. చివర్లో అత్త చీపురుకట్ట ఎత్తి దెయ్యాన్ని బావి దాకా తరుముతుంది. దెయ్యం కాళ్ల మీద పడుతుంది. ఉమ అత్తగారు ఆదెమ్మ ఆ ఘట్టాన్ని మళ్లీ మళ్లీ చదివించుకుంది. ఆదెమ్మ నోటికి జడవని కోడలు మా వీధిలో లేదు. ఆ మాటకొస్తే ఎద్దు కూడా లేదు. అలాంటి మనిషి ఆ రోజు కోడలికి తన చేత్తో మజ్జిగ ఇచ్చింది.

టూరింగ్ టాకీసు యజమాని సుందరరాజు డేరా ముందు ఆ నవలకు బంతిపూల దండ వేసి పెట్టాడు. మొదటి ఆటకు అత్తలంతా ధీమాగా కూర్చున్నారు. చీపురు వస్తుందని వాళ్లకు తెలుసు కదా. చివరికి దెయ్యం వంటింట్లోకి వచ్చింది.

"చీపురు మూలన ఉండాది, తీసుకో!" అని మా వీధి అత్తల్లోంచి భారతమ్మ తెర మీది అత్తకు చెప్పింది.

తెర మీది అత్త చీపురు వైపు చూడనే లేదు. దెయ్యం ఆమె గొంతు పిసికింది. అత్త చచ్చింది. సినిమా అయిపోయింది.

అత్తలంతా సుందరరాజు మీద పడ్డారు. "ఏందప్పా ఇది? కతను నాశనం చేసినారే! అత్త యాడ చచ్చింది?" అని ఆదెమ్మ అరిచింది.

"బుక్కులో ఉండేదే తీసినారమ్మా!"

"అబద్ధం! మా కోడలు సదివింది, మేమంతా ఇన్న్యాం."

నా పక్కనున్న ఉమ ముఖం పాలిపోయింది. "అక్కా, నవల్లో గూడా చచ్చేదే. మా అత్త ఎదురుగా కూర్చోనుంటే నేనెట్ల సదువుదు? ఇంగ బుక్కులన్నీ పొయ్యిలోకే" అంది నా చెవిలో. నాకు ఏడుపొచ్చింది. ఆ చదువు పోతే మా మధ్యాహ్నాలు ఏం కావాలి?

ఆదెమ్మ దండ తెంపి పుస్తకం ఉమ చేతిలో పెట్టింది. "సదువు. ఈయప్ప ఇననీ."

చీపురే చదవమ్మా తల్లీ, అని నేను లోలోపల మొక్కుకున్నాను. కానీ సుందరరాజు ఆమె పక్కకొచ్చి పేజీలోకి మెడ చాచాడు. ఉమ ఉన్నది ఉన్నట్టు చదివింది. దెయ్యం గొంతు మార్చే ధైర్యం కూడా లేదు పాపం. అత్త చచ్చింది.

ఆదెమ్మ కోడలి వైపు తిరిగింది.

"మొదట్నుంచీ చచ్చేదే రాసినారా?" అంది ఆదెమ్మ.

"అవునత్తా."

"నెల దినాలూ నువ్వే బతికించుకుంటా వచ్చినావా?"

ఉమ తల వంచుకుంది.

"మరి ఆ చీపురు?"

"మనింట్లోదే, అత్తా."

సుందరరాజు పకపకా నవ్వాడు. ఆదెమ్మ చూసిన చూపుకు ఆ నవ్వు సగంలో ఆగింది. ఆమె పుస్తకం అతని చేతిలో పెట్టి, ఉమ రెక్క పట్టుకొని బయలుదేరింది. ఇంటి ముందుకొచ్చాక అంది: "రేపట్నుంచి ఆ బుక్కు ఇంగో తూరి సదువు. ఉండేది ఉండేట్ల సదువు. ఆ యమ్మ ఏం చేసి సచ్చిందో నేను సక్కగా ఇనల్ల."

మరుసటి మధ్యాహ్నం మేం వెళ్లేసరికి ఆదెమ్మ పంచలో అందరికంటే ముందు కూర్చొని ఉంది. చీపురు మాత్రం పక్కనే పెట్టుకుంది.