స్కెల్బీ వారి వంశం

అమాబెల్ డి స్కెల్బీ గారు తమ వంశక్రమం రాసిపెట్టమన్నప్పుడు అది పది రోజుల పనే అనుకున్నాను. ఆవిడ తాత వారిన్ చనిపోయిన ఏడాదే పొరుగు ప్రభువు స్కెల్బీ పొలాన్నీ మిల్లునూ ఆక్రమించుకున్నాడు. ఆవిడ తండ్రి హామో ఉన్ని వ్యాపారం చేసుకుని బతికాడే గాని కోర్టుకెక్కలేదు. ఆయన పోయాక అమాబెల్ గారు ఆ ప్రభువు కొడుకు సర్ ఫుల్క్ మీద దావా వేశారు. రాజుగారి న్యాయమూర్తులు లింకన్ పట్టణానికి వచ్చేలోగా ఆవిడే వారిన్ వారసురాలని రుజువులు కూర్చడం రాతగాడిగా నా పని.

"తాతయ్య దగ్గరే ఆగిపోకు ఒస్బర్ట్," అన్నారావిడ. "మా వాళ్ళు ఇంగ్లండును జయించిన విలియం రాజుతో ఓడ దిగిన వీరులట. నాన్న చెప్పేవాడు. అదీ ఎక్కించు. ఫుల్క్ మొహం మాడిపోవాలి."

పాత దస్తావేజులన్నీ తిరగేశాను. వారిన్ దాకా ఏ చిక్కూ లేదు. ఆ పైన ఒక్క పేరూ దొరకలేదు. చివరికి ఒక మఠం వారి దానపత్రంలో సాక్షుల వరసలో 'ఫ్రిస్క్‌మియర్ నుంచి వచ్చిన వారిన్' అని కనబడింది. అది చిత్తడి నేలల్లోని పల్లె. మర్నాడే బయలుదేరాను.

అక్కడ చేపల బుట్ట అల్లుకుంటున్న థర్‌స్టన్ అనే నడివయసు మనిషిని వారిన్ గురించి అడిగాను.

"అడగొచ్చినవాళ్ళలో నువ్వు రెండోవాడివి," అని నవ్వాడు. "పోయినవారం సర్ ఫుల్క్ గారి మనిషి వచ్చి వెళ్ళాడు. వారిన్ మా అమ్మకి బాబాయి. పెళ్ళాం బిడ్డతో ఇక్కణ్ణించి పారిపోయాడు."

"పారిపోయాడా? ఎవరి నుంచి?"

"దొర నుంచి, ఇంకెవరి నుంచి? ఈ ఊళ్ళో మేమంతా తరతరాలుగా వెట్టివాళ్ళమే. ఇప్పటి దొర ఫుల్క్ గారు. మీ అమ్మగారొక్కరే ఆకాశం నుంచి ఊడిపడ్డారనుకున్నావా?"

వెట్టి తండ్రి నుంచి బిడ్డకు దిగుతుంది. వారిన్ వెట్టివాడైతే హామో వెట్టివాడు. హామో కూతురూ, ఆవిడ ఇద్దరు పిల్లలూ వెట్టివాళ్ళే. అమాబెల్ గారు దావా వేసింది తన సొంత దొర మీద! వెట్టివాళ్ళకి దొర మీద దావా వేసే హక్కే లేదు.

తిరిగొచ్చి సంగతి చెబితే ఆవిడ మొదట పకపకా నవ్వారు. "దారిలో నీకెవరో బాగా తాగించారు."

నేను నవ్వలేదు. ఆవిడ నవ్వు సగంలో ఆగిపోయింది. వేలికున్న ఉంగరం నా ముందుకు చాపారు. "ఇదిగో, మా డేగ ముద్ర. వెట్టివాళ్ళకి ముద్రలుంటాయా?"

"ముద్ర ఎవరైనా చెక్కించుకోవచ్చమ్మగారూ."

ఆవిడ గోడకు ఆనుకుని అలాగే జారి నేల మీద కూర్చున్నారు. "దావా మానుకుంటే?" అని అడిగారు.

"సర్ ఫుల్క్‌కు తెలిసిపోయింది. మానుకున్నా వదలడు."

విచారణ రోజు ఫుల్క్ వకీలు లేచి రెండే ముక్కలన్నాడు. "ఈమె మా వెట్టిమనిషి. బంధువులే సాక్షులు." సభ గొల్లున నవ్వింది. థర్‌స్టన్ తన తల్లి గన్నిల్డ్‌ను చెయ్యి పట్టి నడిపించుకొచ్చాడు.

"వారిన్ నీకేమవుతాడు?" వకీలు ముసలమ్మను అడిగాడు.

"బాబాయి. మా నాన్నా ఆయనా ఇద్దరూ వెట్టివాళ్ళే."

"హామో అతని కొడుకేనా?"

"కొడుకే. ఆ ముక్కు చూస్తే తెలియదూ?"

వకీలు తృప్తిగా కూర్చున్నాడు. ముసలమ్మ మాత్రం కదల్లేదు.

"పెళ్ళి సంగతి అడగరేం?" అంది.

న్యాయమూర్తి తల పైకెత్తాడు. "ఎవరి పెళ్ళి?"

"మా బాబాయి పెళ్ళి. నాకప్పుడు ఏడేళ్ళు. చర్చి గుమ్మంలో పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని హామో కూడా నిలబడ్డాడు. వాడికి మూడేళ్ళు. పాదిరిగారు ముగ్గురి మీదా ఒకటే దుప్పటి కప్పారు. నన్నూ దాని కింద దూరనివ్వలేదని ఒకటే ఏడుపు నేను."

జనం నవ్వబోయి ఆగిపోయారు. ఫుల్క్ చివాలున లేచాడు. "ముసలిదానికి మతి చలించింది!"

ఆ దుప్పటి కప్పి చర్చి అలాంటి బిడ్డను సక్రమ సంతానంగా ఒప్పుకున్నా, పెళ్ళికి ముందు పుట్టినవాడికి రాజుగారి చట్టంలో తండ్రి లేడు. తండ్రే లేనివాడికి తండ్రి వెట్టీ రాదు. తండ్రి ఆస్తీ రాదు.

న్యాయమూర్తి అమాబెల్ గారి వైపు తిరిగాడు. "ఈమె మాట ఒప్పుకుంటే నువ్వు స్వతంత్రురాలివి, కానీ స్కెల్బీ నీకు దక్కదు. కాదంటే నువ్వు వారిన్ మనవరాలివి, సర్ ఫుల్క్ మనిషివి. ఏమంటావు?"

ఆవిడ ఒక అడుగు ముందుకు వేశారు.

"మా నాన్న పెళ్ళికి ముందు పుట్టినవాడే. రాసుకోండి."

పన్నెండుమంది జూరీ పెద్దలూ అదే నిజమని ప్రమాణం చేశారు. స్కెల్బీ ఫుల్క్‌కే మిగిలింది.

బయట మెట్ల మీద గన్నిల్డ్ ఆయాసపడుతూ కూర్చుంది. అమాబెల్ గారు ఆమె ముందు నిలబడి, ఏమని పిలవాలో తెలియక తడబడ్డారు.

"మేనత్తనే పిల్లా," అంది ముసలమ్మ. "నువ్వు పుట్టావని కూడా నాకు తెలియదు."

"ఫుల్క్ మిమ్మల్ని బతకనిస్తాడా అత్తా?"

"నాకు ఎనభై నిండబోతున్నాయి. నన్నేం పీక్కుంటాడు?"

"నన్ను పీక్కుంటాడు," అన్నాడు థర్‌స్టన్ నేల చూస్తూ.

అన్నంతా అయింది. ఆ నెలలోనే ఫుల్క్ అతని ఆవును తోలుకుపోయి, వెట్టి రోజులు రెట్టింపు చేశాడు. అమాబెల్ గారు తన చూడి ఆవును ఫ్రిస్క్‌మియర్ పంపారు. అంతకు మించి ఆవిడ చేయగలిగింది లేకపోయింది. థర్‌స్టన్‌ను విడిపించే చట్టం ఏదైనా ఉందేమోనని ఆ ఏడాదంతా నా చేత వెతికించారు. అతను పుట్టకముందే అతని తల్లిదండ్రులకు సక్రమంగా పెళ్ళయింది. ఏ దారీ దొరకలేదు.

మరుసటి ఏడు ఈస్టర్ పండుగకు ముందు ఉపవాసాల రోజుల్లో గన్నిల్డ్ పోయింది. నేనూ అమాబెల్ గారితో వెళ్ళాను. చర్చిలో పాదిరిగారు పెద్దమనుషుల బల్ల చూపించారు. ఆవిడ అటు వెళ్ళలేదు. వెనక మట్టికాళ్ళతో నిలబడ్డ వెట్టిజనంలోకి వెళ్ళి, థర్‌స్టన్ పక్కన నిలబడ్డారు.