కారిక్‌మోయిల్ మైదానం ఖాళీ అయిన వైనం

ఐర్లండ్‌లోని కారిక్‌మోయిల్ రోవర్స్ ఫుట్‌బాల్ క్లబ్బులో భద్రతాధికారి పదవి ఎవరికీ వద్దంటే డింప్నా గిల్సెనన్ తీసుకుంది. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. ఆ పదవికి జీతం లేదు, మర్యాద అంతకన్నా లేదు. గోడలో ఇటుక ఊడినా, మరుగుదొడ్డి తలుపు బిగుసుకున్నా ముందు ఆమెకే చీవాట్లు. అయినా ఎగిరి గంతేసి ఒప్పుకుంది. ఎందుకంటే ఆట జరిగేటప్పుడు భద్రతాధికారి నారింజ రంగు కోటు తొడుక్కుని మైదానం నడిమి గీత పక్కన, ఆటగాళ్ళ బూట్ల బురద మీద చిందేంత దగ్గరగా నిలబడాలి. అది నియమం.

ఆ నియమం ఆమెకు ప్రాణం. నలభై ఒక్క ఏళ్ళ క్రితం డబ్లిన్ పెద్ద జట్టు కప్పు పోటీకి ఈ ఊరొచ్చినప్పుడు డింప్నా టీ గుడిసెలో ఉండిపోయింది. రోవర్స్ గోలు కొట్టిన క్షణాన ఆమె కళ్ళకు కనిపించింది కెటిల్ ఆవిరి ఒక్కటే. ఊరంతా అరిచిన అరుపుకు కెటిల్ తొణికి వేడినీళ్ళు పాదం మీద పడ్డాయి. ఆ గోలు ఎడమకాలితో కొట్టాడని ఒకడంటాడు, తలతో కొట్టాడని ఇంకొకడంటాడు. ఆమె దగ్గరున్న సాక్ష్యమల్లా పాదం మీది మచ్చ. ఇన్నేళ్ళకు మళ్ళీ అదే జట్టుతో, అదే కప్పులో, సొంత మైదానంలోనే చీటీ పడింది. డింప్నా ఆ రోజే కోటు ఉతికి ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

ఇంతలో మైదానాలకు లైసెన్సులిచ్చే వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి నెత్తిన పడింది. మైదానంలో ఉన్న జనమంతా ఎనిమిది నిమిషాల్లో బయటపడగలరని చూపించాలట. చూపించలేకపోతే ఆ కప్పు ఆట నలభై మైళ్ళ అవతల వేరే ఊళ్ళో ఆడించేస్తారట. ఆ ఊళ్ళో నడిమి గీత పక్కన వాళ్ళ భద్రతాధికారి నిలబడుతుంది. డింప్నాకు మళ్ళీ వెనకాల ఎక్కడో పొడుగాటి మనుషుల వీపులే గతి.

"ఎనిమిది నిమిషాలా! గొర్రెల మందైనా నాలుగు నిమిషాల్లో వెళ్ళిపోతుంది. మనవాళ్ళు మనుషులు కదా వదినా," అన్నాడు జార్లత్. చనిపోయిన భర్తకు తమ్ముడు. పెద్ద గేటు దగ్గర కాపలా అతనిదే.

ఒక శనివారం మధ్యాహ్నం ఆట సగంలో డింప్నా మైకు పుచ్చుకుంది. "ఇది తాలీము. అందరూ దయచేసి గేట్ల గుండా బయటికి నడవండి," అంది. గడియారం చూసుకుంది.

జనం లేచారు, కాదనలేం. గేటు దాకా చక్కగా నడిచారు కూడా. అక్కడ ఆగారు.

"నువ్వు ముందు పదవయ్యా."

"అబ్బే, పెద్దవాడివి, నువ్వు పద."

"నాకేం తొందర? అవునూ, మీ అమ్మగారి తుంటి ఎముక ఎలా ఉంది?"

"ఏం చెప్పమంటావ్, కొత్తది వేశారు. దాంతో ఇప్పుడు నాకంటే జోరుగా నడుస్తోంది."

"మంచిదే. సరే మరి."

"సరే."

"ఉంటా మరి."

"ఉంటా. ఉంటా, ఉంటా, ఉంటా... ఆగాగు, ఆ కాన్‌లన్‌వాళ్ళ అమ్మాయి సంగతి విన్నావా?"

వాళ్ళ వెనక నూటయాభై మంది. ఒక్కడూ విసుక్కోలేదు. వాళ్ళు కూడా కాన్‌లన్‌వాళ్ళ అమ్మాయి సంగతి వినడానికి మెడలు చాచారు. గేటు తెరిచి నిలబెట్టాల్సిన జార్లత్ ఆ గేటుకే ఆనుకుని, "పెళ్ళి కొడుకు టుల్లమోర్ వాడంటగా?" అని అడుగుతున్నాడు.

చివరి మనిషి బయటపడేసరికి ఇరవై మూడు నిమిషాలు. ఆ చివరి మనిషి కూడా గొడుగు మర్చిపోయానని మళ్ళీ లోపలికొచ్చాడు.

డింప్నా ఊరుకోలేదు. గేటు మీద బోర్డు పెట్టింది: "ఇక్కడ మాట్లాడరాదు." మర్నాడు నలుగురు దాని ముందు నిలబడి, ఆ అక్షరాలు ఎవరు రాసి ఉంటారని చర్చించుకుంటూ కనిపించారు. రెండో గేటు కూడా తెరిపించింది. దాంతో మాట్లాడుకునే గుంపులు రెండయ్యాయి. "నిజంగా మంట అంటుకుందనుకో, అప్పుడేం చేస్తార్రా మీరు?" అని జార్లత్‌ని నిలదీసింది.

"ఎవరి పక్కన అంటుకుందో అడుగుతాం వదినా," అన్నాడు వాడు, నిజాయితీగానే.

ఆ తర్వాతి ఆదివారం పదకొండింటి పూజకు వెళ్ళినప్పుడు కూడా ఆమె బుర్ర నిండా గేట్లే. ఫాదర్ మాలాకీ ప్రసంగం ఒక్క ముక్క చెవిన పడలేదు. చర్చి వెనక తలుపు దగ్గర ఎప్పట్లాగే మగాళ్ళు గోడకు ఆనుకుని నిలబడ్డారు. బయట కార్లన్నీ ముక్కు రోడ్డువైపు పెట్టి ఉన్నాయి. ఫాదర్ చేతులెత్తి, "పూజ ముగిసింది. శాంతితో వెళ్ళండి," అన్నారు.

"దేవునికి వందనం!" అన్నారు జనం. అంత గట్టిగా ఆ పూజలో ఇంకే మాటా పలకలేదు.

డింప్నా ఇంకా జపమాల సంచిలో పెట్టుకోలేదు. తల తిప్పి చూస్తే వెనక గోడ ఖాళీ. బల్లల వరసలు ఖాళీ. పవిత్ర జలంలో వేళ్ళు ముంచినవాడు ముంచినట్టే నడుస్తూ నుదుట సిలువ గుర్తు వేసుకుంటున్నాడు. ఒక్కడు కూడా ఇంకొకణ్ణి "నువ్వు ముందు" అనలేదు. తుంటి ఎముకల ఊసు లేదు. ఏడు వందల మంది, రెండే తలుపులు. ఆమె గడియారం చూసుకుంది. మూడు నిమిషాలు కూడా కాలేదు.

వీళ్ళంతా ఎవరు? ఆ శనివారం గేటు దగ్గర వేళ్ళు పాతుకుపోయిన మనుషులే!

ఆమె తిన్నగా ఫాదర్ దగ్గరికి వెళ్ళింది. ఫాదర్ మాలాకీ లావుపాటి మనిషి, నెమ్మదస్తుడు, ఫుట్‌బాల్ అంటే చెవి కోసుకుంటారు. అయినా సంగతంతా విన్నాక ముఖం ముడుచుకున్నారు.

"అవి పూజలో మాటలమ్మా, డింప్నా. బంతాట మైదానంలో వాడేవా?"

"మంటల్లో ఆరొందల ప్రాణాలు కాపాడే మాటలు ఫాదర్. ఎక్కడ వాడితే ఏం?"

"మంట లేదు కదా."

"అంటుకున్నాక మీ దగ్గరికొచ్చి బతిమాలుకోనా?"

"మామూలుగా బయటికి పొమ్మని చెబితే పోరూ?"

"ఇరవై మూడు నిమిషాలు ఫాదర్. గొడుగు వాడితో కలిపి." ఆమె సంచిలోంచి లైసెన్సుల వాళ్ళ పుస్తకం తీసి వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, చదవండి. హెచ్చరిక స్పష్టంగా ఉండాలి. భయపెట్టకూడదు. జనానికి ముందే అలవాటైనదైతే మరీ మంచిది. ఈ ఊళ్ళో అలాంటి మాట మీ నోట్లో తప్ప ఇంకెక్కడుంది?"

ఫాదర్ నిట్టూర్చారు. "ముప్ఫై ఏళ్ళుగా నా ఆఖరి మాట పూర్తిగా విని వెళ్ళినవాడు లేడు. పరుగు పందెంలో తుపాకీ పేల్చినట్టే వింటారు."

"ఆ తుపాకీనే నేనడుగుతున్నా."

ఆయనకు నవ్వాగలేదు. కాసేపటికి గొంతు తగ్గించి, "నా సీటు స్తంభం వెనకాల ఉందమ్మా. సగం మైదానమే కనిపిస్తుంది," అన్నారు.

"నాలుగో వరస, మధ్యలో, చూరు కింద. వాన చుక్క పడదు."

"దీవెన మాత్రం ఇవ్వను. చివరి వాక్యం ఒక్కటే."

"మాకు కావలసిందీ అదొక్కటే," అంది డింప్నా.

తనిఖీ అధికారి లోర్కన్ హెగార్టీ ఆ తర్వాత మూడో ఆదివారం వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. చంకలో లావుపాటి ఫైలు, మెళ్ళో స్టాప్‌వాచీ. పన్నెండుంపావుకు స్నేహపూర్వక ఆట మొదలైంది. జనం సరిగ్గా లెక్కకు ఆరొందల పన్నెండు. లోర్కన్ గేట్ల వెడల్పు కొలిచాడు, మెట్లు కొలిచాడు, చేతికమ్మీలు పట్టుకుని ఊపి చూశాడు. డింప్నా వెంటే తిరుగుతూ కేకు పెట్టింది. కేకు తిన్నాడు గానీ కొలతలో అంగుళం వదల్లేదు.

"జనానికి ముందుగా చెప్పలేదు కదా?" అన్నాడు అనుమానంగా.

"మా ఊరివాళ్ళకు ముందుగా చెబితే ఇంకా నెమ్మదిస్తారు బాబూ. నీ ఇష్టం వచ్చినప్పుడు సైగ చెయ్యి."

పన్నెండూ యాభై ఆరుకు లోర్కన్ పెద్ద గేటు దగ్గర నిలబడి చెయ్యెత్తి, వాచీ నొక్కాడు. టీ గుడిసె పక్క గదిలో ఫాదర్ మాలాకీ మైకు దగ్గరికి వంగారు.

"పూజ ముగిసింది. శాంతితో వెళ్ళండి."

అంతే, ఆరొందల గొంతులు ఒక్కసారిగా, "దేవునికి వందనం!"

ఇక చూడాలి. టోపీలు నెత్తికెక్కాయి. కోటు బొత్తాలు పడ్డాయి. మోచేతులు ముందుకొచ్చాయి. పోయిన నెల తల్లి తుంటి ఎముక గురించి అంతసేపు చెప్పినవాడు ఆ తల్లినే పక్కకు జరిపి ముందుకు దూరాడు. ఆమె మాత్రం తక్కువ తిందా, కొత్త తుంటితో వాణ్ణి దాటేసి పోయింది. జార్లత్ గేటు బార్లా తెరిచి, దానితోపాటే బయటికి పోయాడు. మైదానంలో గోల్‌కీపర్ నుదుట సిలువ గుర్తు వేసుకుని చేతి తొడుగులు విప్పుతూ నడిచాడు. మిగతా ఆటగాళ్ళూ వెనకే. పక్క ఊరి నుంచి వచ్చిన రిఫరీ బంతి చంకలో పెట్టుకుని మరీ వెళ్ళిపోయాడు.

చివరి మనిషి వీపు గేటు దాటింది. డింప్నా నడిమి గీత పక్కన ఒంటరిగా నిలబడి రెండు చేతులూ పైకెత్తి, "ఎంతయ్యింది లోర్కన్ బాబూ? ఎంత?" అని కేకేసింది.

గేటు దగ్గర లోర్కన్ లేడు.

ఆమె రొప్పుతూ గేటు దాకా పరుగెత్తింది. బయట అతని కారు కూడా లేదు. రోడ్డంతా కార్ల పొగ తప్ప ఏమీ లేదు. ఫాదర్ మాలాకీ గదిలోంచి బయటికొచ్చి, "పాసయ్యామా?" అన్నారు.

"గడియారంతో సహా పారిపోయాడు ఫాదర్!"

కొలిచిన మనిషే లేకపోతే కొలత ఎక్కడిది? ఆరొందల మందినీ ఇంకోసారి కూర్చోబెట్టి మళ్ళీ ఈ మాట అనిపించడం కుదిరే పనా? వాళ్ళంతా ఈపాటికి ఇళ్ళలో వేయించిన గొడ్డుమాంసం, బంగాళాదుంపల ముందు కూర్చుని ఉంటారు. వాటి ముందు నుంచి లేపాలంటే ఏ పుస్తకంలోనూ మాట లేదు. డింప్నా గేటు మెట్టు మీద కూలబడింది. కళ్ళ ముందు మళ్ళీ కెటిల్ ఆవిరే కనిపించింది.

పది నిమిషాలకు కారొకటి నెమ్మదిగా వెనక్కొచ్చింది. లోర్కన్ దిగాడు. ముఖం బీట్‌రూట్ దుంప.

"మాదీ ఇలాంటి ఊరే, మేయో వైపు అమ్మా," అన్నాడు తల వంచుకుని. "చిన్నప్పట్నుంచీ చర్చిలో వెనక గోడ దగ్గర నిలబడ్డవాణ్ణి. ఆ మాట వినగానే కాళ్ళే నన్ను మోసుకుపోయాయి. వంతెన దాటాక చూసుకుంటే మెళ్ళో ఇది ఇంకా తిరుగుతోంది." వాచీ చూపించాడు. పద్నాలుగు నిమిషాల నలభై సెకన్లు.

"ఇది నీ ప్రయాణం కాలం. మా జనానిది కాదు," అంది డింప్నా లేచి నిలబడి. "నువ్వు కారెక్కేసరికి లోపల ఎవరైనా ఉన్నారా?"

"లేరు. అందరూ నా కంటే ముందే ఉన్నారు. నన్ను తోసుకునే పోయారు."

"కారులో రేడియో ఉందా?"

"ఉంది. తాళం తిప్పగానే ఒంటిగంట వార్తల గంట..." అంటూ ఆగిపోయాడు. వేళ్ళు మడిచాడు. "సైగ చేసింది పన్నెండూ యాభై ఆరు."

"అయితే నాలుగు నిమిషాలు," అంది ఆమె. "నీతో కలిపి. నిన్ను కూడా జనం కిందే లెక్క వెయ్యి, ఆరొందల పదమూడు."

లోర్కన్ ఆమెను చూశాడు, ఫాదర్‌ను చూశాడు. నవ్వు ఆపుకోవడానికి మీసం నములుకుంటూ ఫైలు తెరిచి, కారు బానెట్ మీద పెట్టి రాయడం మొదలుపెట్టాడు. డింప్నా అటు చూడలేకపోయింది. ఖాళీ మైదానంలోకి వెళ్ళి నడిమి గీత పక్కన నిలబడింది. జెండా కర్ర అడ్డొస్తోందని రెండడుగులు ఎడమకు జరిగింది. అక్కడ్నుంచి రెండు గోలుపోస్టులూ అడ్డం లేకుండా కనిపించాయి.

"సంతకం పెట్టేశాను!" అని గేటు దగ్గర్నుంచి కేకేశాడు లోర్కన్. "కప్పు ఆట ఇక్కడే. కాకపోతే ఒక షరతు."

ఆమె పరుగున వచ్చింది.

"ఆ హెచ్చరిక మీద ఆధారపడి పాస్ చేశాను గనుక ప్రతి ఆటకూ అది అందుబాటులో ఉండాలి," అని చదివి వినిపించాడు. "భద్రతా సామగ్రి జాబితా. మంటలార్పే సిలిండర్లు, పద్నాలుగు. ప్రథమ చికిత్స పెట్టెలు, మూడు. చేతి దీపాలు, ఆరు. ఫాదర్, ఒకరు. అన్నిటినీ ఏటా తనిఖీ చేయించవలెను."

ఫాదర్ మాలాకీ కళ్ళద్దాలు సర్దుకున్నారు. "నన్ను తనిఖీ చేసేదెవరయ్యా? బిషప్పుగారా?"

"బిషప్పుగారికి ఎందుకు శ్రమ ఫాదర్? భద్రతాధికారిని నేనున్నాగా," అంది డింప్నా, కోటు సర్దుకుంటూ. "సిలిండర్లకు చేసినట్టే. తుప్పు పట్టిందో లేదో చూస్తాను, ఒకసారి నొక్కి శబ్దం వస్తోందో లేదో వింటాను, తారీఖు వేసి చీటీ అంటిస్తాను."

"ఎక్కడ అంటిస్తావమ్మా?"

"సిలిండర్లకు పొట్ట మీద అంటిస్తాం," అని ఆమె ఆయన్ని పైనుంచి కిందికి ఓసారి చూసింది. "మీకు చోటుకేం కొదవ లేదు."