పైనాయన మళ్ళీ క్రేనెక్కిన రోజు

మా ఆయన టవర్ క్రేన్ నడుపుతారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఉద్యోగమంతా నేలకి అరవై మీటర్ల ఎత్తున, అద్దాల పెట్టెలాంటి కేబిన్‌లోనే. కింద పనిచేసేవాళ్ళు ఆయన్ని 'పైనాయన' అంటారు. "పైనాయన చూసుకుంటాడ్లే" అని ఎవరైనా అంటే, కొత్తగా చేరినవాళ్ళు దేవుడి సంగతనుకుని దండం పెట్టుకోబోతారు. ఆలోగా నెత్తిమీద నుంచి ఇనప దూలం దిగుతుంది. నేను బట్టలు కుడతాను. ఇంటి ముందుగదే నా కొట్టు.

క్రేనెక్కేవాళ్ళకి ఏటా ఒంటి పరీక్షలు తప్పవు. ఆ ఏడు కంపెనీ డాక్టరు, "యాభై ఎనిమిదొచ్చాయి కదా, ఇదొక్కటి కూడా చూద్దాం" అని రక్తపరీక్ష చీటీలో ఇంకో వరస చేర్చాడు. దాని పేరు పి.ఎస్.ఏ. ప్రోస్టేట్ గ్రంథిలో తేడా ఉంటే ఆ అంకె పెరుగుతుందట. నాలుగు లోపు ఉండాల్సింది పదకొండు వచ్చింది. తర్వాత స్కాను, ఆ తర్వాత సూదితో ముక్క తీసి చూడటం, అన్నీ మూడు వారాల్లో అయిపోయాయి. క్యాన్సర్ అన్నారు. ఇంకా గ్రంథి దాటి బయటికి రాలేదన్నారు.

నొప్పి లేదు, మంట లేదు, బరువు తగ్గిందీ లేదు. ఆయన ఆ రిపోర్టుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాదేనా అసలు?" అన్నారు. నేనప్పుడు ఒక చొక్కా కత్తిరిస్తున్నాను. చెయ్యి వంకర పోయింది. ముప్ఫై ఏళ్ళలో పరాయివాళ్ళ గుడ్డ పాడుచెయ్యడం అదే మొదలు.

సర్జన్ ఆడమనిషి. పొట్టిగా, కాళ్ళకి పరుగు బూట్లు వేసుకుని, నడిచే చోట కూడా పరిగెడుతున్నట్టుండేది. నడుము కింది సంగతులన్నీ ఒక ఆడదానికి చెప్పుకోవాలనేసరికి మా ఆయన నావైపు, నేను గోడవైపు చూశాం.

"సిగ్గుపడకండి. నేను రోజూ వినేవే ఇవి" అంటూ కాగితం మీద బొమ్మ వేసింది. "ఇది మూత్రసంచి. దీని కింద గ్రంథి. చుట్టూ వెంట్రుకల్లాంటి నరాలు. ఇంకా కింద, మూత్రాన్ని ఆపే కండరం. గ్రంథి మొత్తం రావాలి, మిగతావేవీ చెదరకూడదు. రేడియేషన్, అదే కరెంటు పెట్టే వైద్యం కూడా ఉంది, అది కావాలంటే ఆ డాక్టర్ దగ్గరికి పంపిస్తాను. ఆపరేషనే అయితే నేను రోబోతో చేస్తాను."

వెంట వచ్చిన మా తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "బావా, మనిషి చేతిలో ఫోనే మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతుంది. అలాంటిది మిషను చేతికి కత్తిస్తావా?"

మా ఆయన వాణ్ణి పట్టించుకోలేదు. కుర్చీ ముందుకి లాక్కున్నారు. "ఆ మిషను తనంతట తనే కోస్తుందా, డాక్టరమ్మా?"

"కొయ్యదు. నా వేలు కదిలితేనే దాని కొస కదులుతుంది. నేను తెరమీంచి తల తీస్తే ఉన్నచోటే ఆగిపోతుంది."

"కరెంటు పోతే?"

"బ్యాటరీ ఉంది. అదీ పోతే చేత్తో పూర్తిచేస్తాం. ఇంకో డాక్టరు ఎప్పుడూ మీ పక్కనే నిలబడి ఉంటాడు."

"పట్టుకున్నదాని బరువు చేతికి తెలుస్తుందా?"

"తెలీదు. దారం ఎంత బిగిసిందో కంటితోనే పసిగట్టాలి."

"మాకూ అంతే" అన్నారాయన. "ఇప్పటిదాకా ఎన్ని చేశారు?"

"ఆరువందల పైచిలుకు."

"అందులో ఎన్ని జారాయి?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడకి మాత్రం కోపం రాలేదు. "ఇద్దరికి మధ్యలో ఆపి పొట్ట తెరవాల్సొచ్చింది. నా దగ్గర చేయించుకున్నవాళ్ళలో పదికి తొమ్మిదిమంది ఏడాదిలోగా మూత్రం కారకుండా పొడిగా ఉంటున్నారు. ఆ పదోమనిషి ఇంకా ప్యాడ్ పెట్టుకుంటున్నాడు. ఆ నరాలు మిగిలితే భార్యాభర్తల సంగతి సగంమందికి పైగా తిరిగొస్తుంది, కానీ నెలలు పడుతుంది, అందరికీ రాదు. ఇక క్యాన్సర్ పోవడం అంటారా, చేతులు మంచివైతే మామూలు కోతైనా ఇదైనా దాదాపు ఒకటే. దీంతో రక్తం తక్కువ పోతుంది, తొందరగా లేచి తిరుగుతారు."

పక్కగదిలో కొత్త డాక్టర్లు నేర్చుకునే మిషనుంటే, ఇన్ని అడిగారు కదా అని ఆయన్ని దాని ముందు కూర్చోబెట్టింది. రెండు పిడుల్లో వేళ్ళు దూర్చి, తెరలో కనిపించే రబ్బరు రింగుల్ని ఒక్కొక్కటే ఎత్తి మేకులకి తగిలించాలి. మా ఆయన ఆరింటినీ తగిలించారు. ఒక్కటి జారలేదు.

"ఉద్యోగం కావాలంటే చెప్పండి" అంది ఆవిడ.

"ఎత్తు చాలదండీ" అన్నారీయన.

బయటికొచ్చాక నా చెవిలో, "తప్పులు కూడా లెక్కచెప్పిన మనిషి. ఈమె చేతిలోనే పెడదాం" అన్నారు. తమ్ముడు ఇంకేదో అనబోయాడు. "నువ్వూరుకోరా" అన్నాను.

ఆపరేషన్ రోజు పొద్దున ఏడున్నరకి లోపలికి తీసుకెళ్ళారు. నేను ఖాళీగా కూర్చోలేను. సంచీలో తెచ్చుకున్న చొక్కాలకి కాజాలు కుడుతూ కూర్చున్నాను. తమ్ముడు తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి తలుపు దాకా. ఇరవై ఏడో కాజా సగంలో ఉండగా డాక్టరమ్మ వచ్చింది. నుదుటిమీద ఆ తెరకి ఆనించుకున్న గుర్తు ఎర్రగా అలాగే ఉంది.

"మొత్తం వచ్చేసింది. రెండువైపులా నరాలు మిగిలాయి. రక్తం ఒక గ్లాసుడు కూడా పోలేదు" అంది.

చేతిలో సూది ఉందన్న సంగతి మర్చిపోయి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "అమ్మో" అని నవ్వింది.

మర్నాడే ఆయన మూత్రం సంచీ చేత్తో పట్టుకుని వరండాలో నడిచారు. పొట్టమీద ఆరు గాట్లు. వాటిలో చాలావాటిని నేనైతే ఒక చొక్కా గుండీ పట్టేంత కాజా అనేదాన్ని. పదిరోజుల్లో ల్యాబ్ నుంచి కబురొచ్చింది. తీసిన ముక్క అంచుల్లో ఎక్కడా క్యాన్సర్ లేదట. అంచు శుభ్రంగా రావడమంటే ఏమిటో నాకొకళ్ళు చెప్పాలా.

అదే వారం మూత్రం గొట్టం తీశారు. అసలు యుద్ధం అప్పుడు మొదలైంది.

లేస్తే తడి. తుమ్మితే తడి. తమ్ముడు జోకు మొదలుపెడితే చెయ్యి అడ్డంపెట్టి, "ఆపరా బాబూ, నవ్వించకు" అనేవారు. రోజుకి ఐదు ప్యాడ్లు. గడప దాటడం మానేశారు. ఒకరోజు బాత్రూం ముందు పీటమీద తల వంచుకుని కూర్చుని కనిపించారు.

"పైన నాలుగేసి గంటలు కదలకుండా కూర్చోవాలి. అక్కడ బాత్రూముందా ఏమన్నానా? నన్నిక కిందే నిలబెట్టి జెండా ఊపమంటారు."

ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఆయన పనిప్యాంట్లు రెండూ తెచ్చి, లోపలి కుట్లు విప్పి, ప్యాడ్ కదలకుండా ఉండేలా మెత్తటి గుడ్డతో అర కుట్టాను. "ఇప్పుడు నడిచిరండి" అని సందు చివరిదాకా పంపాను. బయటికేమీ కనిపించలేదు. మర్నాడు ఇంకో సందు దూరం వెళ్ళొచ్చారు.

మూత్రం ఆపే కండరానికి వ్యాయామాలు నేర్పే అమ్మాయి వారానికోసారి వచ్చేది. "నలుగురిలో ఉన్నప్పుడు గాలి బయటికి రాకుండా ఆపుకుంటారు కదా, సరిగ్గా అలా బిగించాలి."

"ఆపుకోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదమ్మా" అన్నారీయన.

రోజుకి మూడుసార్లు, సారికి పది. నా కొట్టులోనే ఒక మూల కుర్చీ వేసుకునేవారు. నేను మిషను తొక్కుతూ, "బిగించండి... వదలండి..." అని చెప్పేదాన్ని. ఒకరోజు కొలతలివ్వడానికొచ్చిన ఒకావిడ కంగారుపడి, "బిగించకమ్మా, కాస్త వదులుగానే కుట్టు" అంది. మా ఆయన పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగాక చటుక్కున లేచి లోపలికెళ్ళి, తిరిగొచ్చి, నావైపు చెయ్యి అడ్డంగా ఊపారు. తడి లేదు!

ఆరువారాలకి చేసిన పి.ఎస్.ఏ. పరీక్షలో అంకె దొరకనే లేదు. యంత్రం కొలవగలిగినదానికన్నా తక్కువట. ప్యాడ్లు ఐదు మూడయ్యాయి, మూడు ఒకటైంది. ఐదో నెలలో ఆ ఒకటి కూడా అల్మరాలోనే ఉండిపోయింది.

సైటు మేనేజరు మంచివాడే. "కింద పని చూసుకోండి, జీతం తగ్గించను" అన్నాడు. ఈయన, "పైకెక్కొచ్చని డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. ఒక్క పూట పైకి పంపండి. సరిగ్గా చెయ్యకపోతే నేనే జెండా అడుగుతాను" అన్నారు.

మేనేజరు ఒప్పుకున్నాడు. ఆ రోజు నేనూ వెళ్ళాను. నెత్తిన హెల్మెట్ పెట్టి, సైగలిచ్చే కుర్రాయన పక్కన, ఆఫీసు వసారాలో నిలబెట్టారు. ఆయన నిచ్చెన ఎక్కుతున్నారు. ప్రతి మజిలీ దగ్గరా ఆగుతున్నారు. ఆగిన ప్రతిసారీ నా గుండె ఆగుతోంది. చివరికి కేబిన్ తలుపు మూసుకుంది.

మొదటి బరువే గట్టి పరీక్ష. పద్నాలుగో అంతస్తుకి ఎక్కాల్సిన ఇనప మెట్ల వరస. ఇరుకు సందులోంచి నిలువుగా దింపాలి. ఈయన బదులు వచ్చిన ఆపరేటరు గాలికి భయపడి రెండురోజులుగా దాన్ని ముట్టుకోలేదు. మా ఆయన పైకెత్తి, గాల్లో నిలబెట్టి, ఊగడం ఆగేదాకా ఆగారు. కింద అందరూ పని ఆపేసి మెడలెత్తారు. తర్వాత, చంటిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు, ఆ సందులోకి దింపారు. బోల్టు బెజ్జాలు వాటంతటవే కలిసిపోయాయి. పైనుంచి ఫిట్టర్లు ఈలలేశారు.

ఆ తర్వాత ఇంకో పదకొండు బరువులు. నాలుగు గంటలు. భోజనం గంట కొట్టే ముందు కుర్రాయన చేతిలోని వాకీటాకీ గరగరలాడింది.

"పొడి!"

కుర్రాయన బిత్తరపోయాడు. "ఏంటన్నా, సిమెంటా?"

"కాదురా! నేను! నేను పొడిగా ఉన్నాను! మీ వదినకి చెప్పు!"

చెప్పక్కర్లేదు. వదిన అక్కడే హెల్మెట్‌తో సహా కింద కూలబడి, ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియకుండా ఉంది.

వాకీటాకీలో అందరూ విన్నారు కదా, ఇంక దాచడానికేముంది. భోజనాల దగ్గర ఆయన మొత్తం చెప్పేశారు, ప్యాడ్లతో సహా. నవ్వినవాళ్ళు నవ్వారు. కానీ మరుసటి వారం యాభై దాటిన పదమూడుమంది వరసకట్టి రక్తం ఇచ్చారు. అందులో వెల్డరు ఒకతనికి అంకె పెరిగి ఉంది. అతన్ని మా ఆయనే వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు.

మొన్న ఆపరేషనై ఏడాది నిండింది. పి.ఎస్.ఏ. ఇప్పటికీ దొరకలేదు. డాక్టరమ్మ ఒక ఫారం తీసి ప్రశ్నలడిగింది. ప్యాడ్లు? సున్నా. నొప్పి? లేదు. పని? మునుపటిలాగే. తర్వాత పెన్ను ఆపి, "ఇక ఆ సంగతి?" అంది.

మా ఆయన పైకప్పు వైపు చూశారు. ఆరువందల మందిని అడిగిన మనిషి ముందు మాకెందుకు మొహమాటమని నేనే అందుకున్నాను.

"బాగుందని రాసుకోండి, డాక్టరమ్మా."

ఆవిడ గట్టిగా నవ్వి, రాసుకుంది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాదని మాత్రం అనలేదు.