పెసర రంగు గది

ఏసన్న రెండు పడకగదుల ఇల్లు అడుగుతున్నది పెళ్ళాన్ని బతికించుకోడానికి కాదట, సాగనంపడానికట. వీధి కొళాయి దగ్గర అట్లా అనుకుంటున్నారని మున్నీ బీ విని, ఏసన్నతో కలిసి రంగుల పనికి పోయే మొగుడు ఇమామ్‌కు చెప్పింది. ఇమామ్ గోడకు పూసే లప్పం కలుపుతూ ఆ మాట ఏసన్న చెవిన వేశాడు.

"అననీలేప్పా. కొళాయికి నీళ్ళు రాకుంటే నోళ్ళన్నా పారల్ల గదా," అన్నాడు ఏసన్న నిచ్చెన మీద నుంచి.

కనుబొమల్లో తెల్ల దుమ్ము, ఎడమదానికంటే కిందికి జారిన కుడిభుజం. ఇరవైరెండేండ్లుగా మైదుకూరులో ఎవరెవరి ఇళ్ళకో రంగులు వేశాడు. తన కాపురం మాత్రం ఒంటిగదిలోనే, మంచం కాళ్ళ దగ్గరే పొయ్యి. పెళ్ళాం జీవమ్మ పన్నెండేండ్లు నాపరాళ్ళ పాలిష్‌లో పనిచేసి ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో ఇంటికి తెచ్చుకుంది. తిరగమోత వేస్తే చాలు, దగ్గి దగ్గి నీలమైపోతుంది. ఆమె అడిగింది ఒకటే, మూసుకోడానికి తలుపున్న గది.

ఇప్పుడు రంగులేస్తున్న ఈ ఇల్లే అద్దెకు అడిగాడు; ఓనరు వెంకటేశ్వరమ్మ ఇంకా సరేననలేదు. అయినా ఏసన్న తూర్పు గదికి జీవమ్మ రంగుల కార్డు మీద గోటితో గీత పెట్టి చూపించిన లేత పెసర రంగు వేసేశాడు.

పదకొండింటికి వెంకటేశ్వరమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఇద్దరికీ పోసి, ఉప్పు సరిపోయిందా అని అడిగి, అప్పుడు గోడ చూసింది.

"క్రీము వేయమంటే ఇదేందప్పా?"

"జీవమ్మకు ఇష్టమమ్మా. మేమే చేరతాం గదా అని."

"చేరమని నేనెప్పుడంటి? చెడ్డ నచ్చత్రంలో ఏమన్నా జరిగితే ఆర్నెల్లు ఇల్లు మూసిపెట్టల్ల. ఆనెంక ఎవురొస్తారు?"

"మేం చర్చికి పోయేటోళ్ళం. మాకు నచ్చత్రాల్లేవమ్మా."

"మీకు ల్యాకపోతే పోనీ. నా ఇంటికుండాయి. పొద్దుగూకేలోపల క్రీము కొట్టెయ్."

ఏసన్న క్రీము డబ్బా మూత తీశాడు. కానీ ముందు హాలు పట్టాడు.

మధ్యాహ్నం జీవమ్మ ఫోన్ చేసింది. మాటకూ మాటకూ మధ్య ఈల వేసినట్టు ఊపిరి.

"కిటికీ తూరుపుకేనా?"

"తూరుపుకే."

"తలుపుండాదా?"

"తలుపు ల్యాకుండా గదేందే, పిచ్చిదానా!"

"మన ఇంట్లో ల్యాకనే ఉండాది గదా," అని నవ్వబోయి దగ్గింది.

నాలుగింటికి మళ్ళీ మోగింది. ఈసారి మున్నీ బీ. ఏసన్న విని, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సగంలో ఆపితే గోడమీద అతుకు కనబడుతుంది. రోలరు పట్టీ చివరిదాకా లాగి, అప్పుడు నిచ్చెన దిగాడు. అతని ముఖం చూసి ఇమామ్ అప్పటికే బండి తీశాడు.

మూడోనాడు సామాన్లు తీసుకుపోదామని ఇద్దరూ వచ్చారు. వెంకటేశ్వరమ్మ తూర్పు గదిలోనే నిలబడి ఉంది. కొంగుతో కళ్ళొత్తుకుంది.

"శానా మంచిదంట పాపం." తాళంచెవి కిటికీ గట్టుమీద పెట్టింది. "రంగు అట్లే ఉండనీ. ఇంగ అడ్డమేముందప్పా, వచ్చి చేరు."

ఏసన్న నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

"ఆ అడ్డం కోసరమే గదమ్మా నేను ఇల్లడిగింది."

ఇమామ్ బ్రష్షులు ఏరడం ఆపాడు. తాళంచెవి గట్టుమీదే ఉండిపోయింది.