మెట్ల మలుపులో లైటు

బొమ్మరిళ్ళకు లైట్లు పెట్టడం కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్ళే ఎక్కువ. ఆవగింజంత బల్బు, వెంట్రుకంత వైరు, పూసను బోర్లిస్తే షేడు. చిట్టిదీపాలాయన వాటితోనే ఇల్లు నెట్టుకొస్తున్నాడు. కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడంటే భార్య పిలిచినా పలకడు. పలకకపోవడానికి అదొక సాకు కూడా.

ఒకరోజు అతని అక్క భర్త, బావ, ప్లైవుడ్ బొమ్మరిల్లు తెచ్చి అతని బల్ల మీద దించాడు. మనవరాలి కోసం తనే చేశాడట. అతను భూతద్దం తీసేసి లోపలికి తొంగి చూశాడు. అది అక్కా తనూ పుట్టి పెరిగిన ఇల్లే. కొలతలన్నీ అక్క చెప్పిందట.

అక్క అతనితో మాట్లాడి ఏళ్ళయింది. నాన్న పోయాక ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, ఆమెతో ఒక్క మాటైనా అనకుండా సామానంతా పాతసామాన్లవాడికి ఎత్తించేశాడు. తప్పు తనదేనని తెలుసు. ఫోన్ చేస్తే ఆమె ఎత్తదు. లైట్ల సంగతి కూడా బావ చేతే చెప్పించింది. చెప్పించింది కదా, అదే పదివేలు అనుకున్నాడు. ఒక్కసారి తనతో మాట్లాడితే చాలు.

అన్ని గదులకీ ఒకే స్విచ్చి చాలన్నాడు బావ. అలాగే చేశాడు, ఒక్కటి తప్ప. మెట్ల మలుపులో లైటును స్విచ్చికి కలపకుండా తిన్నగా బ్యాటరీకే ఇచ్చాడు. చిన్నప్పుడు అతనికి చీకటంటే చచ్చేంత భయం. నాన్న ఆ లైటు ఆర్పేసి పడుకునేవాడు. అక్క పిల్లిలా వెళ్ళి మళ్ళీ వేసొచ్చేది. పొద్దున్నే తిట్లు తినేదీ అక్కే. ఇదేదీ బావకు చెప్పలేదు. చూస్తే ఆమెకే తెలుస్తుంది. తెలియకపోతే ఇక తను చేయగలిగింది లేదు.

వారం తిరక్కుండానే బావ వట్టి చేతులతో వచ్చాడు. స్విచ్చి ఆపినా మెట్ల లైటు ఆరడం లేదట. ఇన్నాళ్ళ పనివాడివి, ఇంత చిన్న పొరపాటు ఎలా చేశావని నిలదీశాడు. అయితే అక్కకు తెలియలేదన్నమాట అనుకున్నాడు. మరి బొమ్మరిల్లు తేలేదేమని అడిగాడు.

"మీ అక్క తేనిస్తేగా," అన్నాడు బావ. "నేను బ్యాటరీ తీసేస్తే తను మళ్ళీ పెట్టేస్తోంది. పైగా నిన్నో మాట అడగమంది. వాడికి ఇంకా భయమేనా అని."

అతను పట్టకారు కింద పెట్టి అక్కకు ఫోన్ చేశాడు. ఈసారి ఎత్తింది.

"ఇంకా భయమే అక్కా," అన్నాడు.

"అయితే ఉండనీ," అంది.

ఇంతకీ ఎప్పుడొచ్చి బాగుచేస్తావని పక్కనుంచి బావ అడుగుతూనే ఉన్నాడు.